కాలేజీ పిల్లల నెట్ అలవాట్ల సర్వేకి గూగుల్ ఫామ్స్: ఒక స్టాటిస్టిక్స్ మేడం రివ్యూ

గోదావరి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ పెట్టిన దగ్గర్నుంచి ప్రతి బ్యాచ్‌లోనూ కనీసం ఒక జట్టు వచ్చి, "మేడం, మేము స్టూడెంట్స్ ఇంటర్నెట్ వాడకం మీద సర్వే చేస్తాం" అంటుంది. తాగునీళ్ళ మీదో అంగన్‌వాడీల మీదో చేయమంటే ఎండలో ఇల్లిల్లూ తిరగాలి కదా. ఇదైతే వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి ఫ్యాను కింద కూర్చోవచ్చని వాళ్ళ లెక్క. ఆ లింకు ఎప్పుడు చూసినా గూగుల్ ఫామ్స్‌దే. ఇన్ని ఫారాలు చూశాక దీనిమీద ఒక రివ్యూ రాయాలనిపించింది.

మార్కులు ముందే చెప్పేస్తాను. సర్వే ఫారం తయారుచేసే పనిముట్టుగా దీనికి ఐదుకి నాలుగున్నర. కాలేజీ పిల్లలు నెట్ ఎలా వాడుతున్నారు, దాని గురించి ఏమనుకుంటున్నారు అని తెలుసుకోవడానికి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం రెండున్నర. అంతకన్నా ఇవ్వలేను.

నాలుగున్నర ఎందుకో ముందు చెప్తాను. డబ్బులు కట్టక్కర్లేదు, ఇన్ని ప్రశ్నలే అడగాలి, ఇంతమందే జవాబివ్వాలి అనే పేచీ లేదు. 2008 నుంచీ ఉంది కాబట్టి ఏ సందేహం వచ్చినా యూట్యూబ్‌లో తెలుగులోనే వీడియో దొరుకుతుంది. ప్రశ్నలు తెలుగులో రాస్తే అక్షరాలు చెదరవు. జవాబులు తిన్నగా గూగుల్ షీట్ అనే పట్టికలోకి వచ్చి పడతాయి, ప్రతి వరసకీ ముందు అది చేరిన తేదీ, టైమూ ఉంటాయి. నేను చదువుకున్న రోజుల్లో కాగితాలు ముందేసుకుని ఐదేసి చొప్పున గీతలు గీసి లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు లెక్క పిల్లాడు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. రంగురంగుల గుండ్రటి పై (pie) చార్టు కూడా అదే వేసి పెడుతుంది. ఆ చార్టును స్క్రీన్‌షాట్ తీసి రిపోర్టులో అతికించేసి "అనాలిసిస్ అయిపోయింది మేడం" అనే పిల్లలకి దాంతోనే తృప్తి వచ్చేస్తుంది. అది వేరే సంగతి.

నాకు బాగా నచ్చింది, జవాబును బట్టి దారి మార్చే సదుపాయం. ఫారాన్ని సెక్షన్లుగా విడగొట్టి, "గేములు ఆడతారా?" అంటే "ఆడను" అన్నవాళ్ళని తర్వాతి సెక్షన్‌కి పంపేయొచ్చు. ఫ్రీ ఫైర్ గేము గురించి పది ప్రశ్నలు ఆడని అమ్మాయి చదవక్కర్లేదు. ఒక్క జవాబు ఎంచుకునే ప్రశ్నలకీ, డ్రాప్‌డౌన్‌కీ (నొక్కితే కిందికి తెరుచుకునే జాబితా) మాత్రమే ఇది పనిచేస్తుంది, చాలా టిక్కులు పెట్టే ప్రశ్నకి పనిచేయదు. నేను దీన్ని వయసు దగ్గర తప్పకుండా వాడిస్తాను. ఇంటర్ అవగానే చేరిన ఫస్టియర్ పిల్లల్లో కొందరికి ఇంకా 18 నిండవు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం లెక్కలో 18 లోపు వాళ్ళు పిల్లలే, వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలంటుంది. కాలేజీ ప్రాజెక్టుకి అంత పట్టింపు ఎందుకని మా స్టాఫ్‌రూములో అన్నవాళ్ళున్నారు. పేరు, ఫోన్ నంబరు, రాత్రి ఎన్నింటిదాకా మేలుకుంటావు, ఏ యాప్‌లు చూస్తావు, ఇవన్నీ ఒకే షీట్‌లో పెట్టి దాన్ని ఆరుగురు పిల్లలు ఫోన్లలో పంచుకుంటుంటే పట్టింపు ఉండాలనే నేనంటాను. అందుకే మొదటి ప్రశ్న వయసు. 18 లోపు అయితే నేరుగా ఆఖరి పేజీకి, థాంక్యూ చెప్పి పంపేయడమే. పేరు, నంబరు అసలు అడగనివ్వను.

ఇక ఒకరు ఒక్కసారే నింపేలా చేసే సెట్టింగు. పుస్తకంలో చదివితే ఇది చాలా మంచిది. ఆన్ చేస్తే నింపేవాళ్ళు గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. ఇక్కడ మా పిల్లల బతుకు వేరు. చాలామందికి జీమెయిల్ ఐడీ పెట్టింది మొబైల్ షాపులో అబ్బాయి, లేకపోతే అన్నయ్య. పాస్‌వర్డ్ ఏమిటో వాళ్ళకే తెలీదు. కొందరికి మూడేసి ఐడీలు, సరదా పడితే మూడుసార్లు నింపగలరు. ఇంకో వైపు, అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే ఫోను. అక్క బీకాం, చెల్లి బీఎస్సీ. అక్క నింపితే చెల్లికి దారి మూసుకుపోయినట్టే. ఈ సర్వేలో నాకు అందరికన్నా ఎక్కువ కావలసింది ఆ చెల్లి జవాబే, ఎందుకంటే ఫోను పంచుకునే పిల్లల అలవాట్లు సొంత ఫోను ఉన్నవాళ్ళ అలవాట్లలాగా ఉండవు. పైగా లాగిన్ అయితే ఫారం పైన తన మెయిల్ ఐడీ కనిపిస్తుంది. ఈమెయిల్ సేకరించమని మనం పెట్టకపోతే అది మనకి రాదు, ఆ మాట అక్కడ చిన్నగా రాసే ఉంటుంది. ఎవరు చదువుతారు? తన పేరు పైన చూసుకున్నాక "పరీక్ష రోజుల్లో రాత్రి ఎంతసేపు రీల్స్ చూశావు" అన్న ప్రశ్నకి నిజం రాసే ధైర్యం ఏ పిల్లకి ఉంటుంది, అడిగింది సొంత లెక్చరర్ అయినప్పుడు? అందుకని ఆ సెట్టింగు ఆపేయించి, ఒకరే రెండుసార్లు నింపితే నింపుకోనీ అని వదిలేస్తాను. దొంగ జవాబుల కన్నా భయం జవాబులే ఎక్కువ చెరుపు చేస్తాయి.

గ్రిడ్ ప్రశ్నల గురించి ఒక హెచ్చరిక. కంప్యూటర్‌లో చూస్తే ముచ్చటగా ఉంటుంది: ఎడమ పక్క ప్రశ్నలు, పైన "ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ". ఫోనులో అంత వెడల్పు ఉండదు, పక్కకి జరపాలి. తెలుగు మాటలు పొడుగు కాబట్టి చివరి రెండు కాలమ్స్ తెరకి బయటే ఉండిపోతాయి. జరపని పిల్లలు కనపడిన మూడింట్లోనే టిక్కు పెట్టి పోతారు. అప్పుడు మీ సర్వే ప్రకారం కాలేజీ మొత్తం ఇంటర్నెట్‌ని మితంగా వాడే బుద్ధిమంతులతో నిండిపోతుంది. ప్రశ్నకొక స్కేలు చొప్పున విడివిడిగా పెట్టండి. ఫారం పొడుగవుతుంది, అవనివ్వండి.

ఇదంతా పనిముట్టు సంగతి. అసలు గొడవ దాంట్లో ఏ ప్రశ్నలు పోస్తున్నారన్నది. పిల్లలు నెట్‌లో వెతికి తెచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకటే, కింబర్లీ యంగ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1998లో ఇచ్చిన ఇంటర్నెట్ అడిక్షన్ టెస్ట్. ఇరవై ప్రశ్నలు, మొత్తం నూరు మార్కులు, 80, ఆపైన వస్తే తీవ్రం. రిపోర్టులో రాసుకోవడానికి ఇంత వీలైనది ఇంకోటి లేదు. చదివి చూస్తే అందులో ఒక ప్రశ్న, ముఖ్యమైన పని చేయాల్సి ఉండగా ముందు ఈమెయిల్ చూసుకుంటారా అని. 1998లో అది సరైన ప్రశ్నే. మా పిల్లలు ఈమెయిల్ తెరిచేది ఓటీపీ కోసమో, ఎక్కడైనా అప్లై చేస్తే వచ్చిన సమాధానం కోసమో. ఇంకో ప్రశ్న, జీవిత భాగస్వామితో సాన్నిహిత్యం కన్నా ఇంటర్నెట్ ఎక్కువ ఉత్సాహంగా ఉంటుందా అని. దాన్ని ఒక జట్టు గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు చేసి, చూసుకోకుండా సెకండియర్ గ్రూపులో పెట్టేసింది. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. ఆ సంభాషణ ఇక్కడ రాయను.

స్మార్ట్‌ఫోన్ వ్యసనానికి కొరియాలో 2013లో వచ్చిన పొట్టి స్కేలు ఒకటుంది, పది ప్రశ్నలే. అది కాస్త నయం, ఫోను గురించే అడుగుతుంది. అయితే అబ్బాయిలకి 31, అమ్మాయిలకి 33 దాటితే ప్రమాదం అని గీసిన గీత అక్కడి టీనేజీ పిల్లల జవాబుల నుంచి తీసినది. ఆ గీతని తెచ్చి అమలాపురం నుంచి బస్సులో వచ్చే ఇరవయ్యేళ్ళ అబ్బాయి మీద పెట్టి "వ్యసనపరుడు" అని రాయడం నాకు ఒప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11, 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. అందులో ఉన్నది గేమింగ్ డిజార్డర్, ఇంటర్నెట్ వ్యసనం అని విడిగా లేదు. ఆ మాటకొస్తే "ఇంటర్నెట్ అడిక్షన్ డిజార్డర్" అనే పేరును 1995లో ఇవాన్ గోల్డ్‌బర్గ్ అనే సైకియాట్రిస్టు వేళాకోళానికి పుట్టించాడు. జబ్బుల మాన్యువల్ భాషని ఎగతాళి చేస్తూ లక్షణాల జాబితా రాస్తే జనం నిజమనుకున్నారు. ఈ కథ క్లాసులో చెబితే పిల్లలు తెగ నవ్వుతారు, మరుసటి వారం రిపోర్టులో మళ్ళీ "అడిక్ట్స్ శాతం" అని పై చార్టు పెట్టుకొస్తారు.

నిజంగా ఇబ్బందిలో ఉన్న పిల్లలు లేరని కాదు. ఒకబ్బాయి తెల్లవారు నాలుగింటిదాకా ఫోనులో గేములు ఆడి, మధ్యాహ్నం లేచి, అటెండెన్స్ లేక హాల్‌టికెట్ ఆగిపోయే పరిస్థితి తెచ్చుకున్నాడు. అలాంటివాళ్ళ కోసమే బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో 2014లో షట్ క్లినిక్ అని మొదలుపెట్టారు. ఆ అబ్బాయి సంగతి నాకు ఏ గూగుల్ ఫామ్ చెప్పలేదు. వాడు ఫారం నింపనే లేదు. వాళ్ళమ్మ గారు కాలేజీకి వచ్చి చెప్పింది.

రెండున్నర మార్కులకి అసలు కారణం ఇదే. లింకు వాట్సాప్ గ్రూపులో వేస్తే ఎవరు నింపుతారు? సీఆర్, అంటే క్లాస్ లీడర్, నింపుతుంది. ముందు బెంచీల అమ్మాయిలు నింపుతారు. సర్వే చేసే జట్టు స్నేహితులు మొహమాటానికి నింపుతారు. గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నవాడు, నెలాఖరుకి రీఛార్జ్ అయిపోయి పక్కవాడి హాట్‌స్పాట్ మీద బతుకుతున్నవాడు, ఇంటికెళ్ళగానే ఫోను నాన్న చేతికిచ్చేసే పిల్ల, వీళ్ళెవరూ రారు. నెట్ ఎక్కువ ఉన్నవాళ్ళూ తీరిక ఉన్నవాళ్ళూ నింపిన కాగితాన్ని పట్టుకుని "మా కాలేజీ పిల్లలందరూ" అనేస్తాం. అమెరికాలో ప్యూ అనే సర్వేల సంస్థ కాలేజీ విద్యార్థుల ఇంటర్నెట్ వాడకం మీద 2002లో ఇచ్చిన రిపోర్టు ఒకటి నేను క్లాసులో చూపిస్తుంటాను. లైబ్రరీ కన్నా ఇంటర్నెట్టే ఎక్కువ వాడుతున్నామని 73 శాతం మంది చెప్పారని అందులో ఉంటుంది, పిల్లలు దాన్నే పట్టుకుంటారు. నేను చూపించేది వేరే. ఇంటర్నెట్ గురించిన ఆ సర్వేకి వాళ్ళు కాలేజీలకి వెళ్ళి విద్యార్థుల చేతికి కాగితాలిచ్చారు. ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ళని ఆన్‌లైన్‌లోనే అడిగితే మిగతావాళ్ళు తప్పిపోతారని వాళ్ళకి తెలుసు.

కాబట్టి మా దగ్గర ఇప్పుడు అలవాట్లకి ఫారం, అభిప్రాయాలకి కాగితం. ఆఖరి పీరియడ్‌లో క్లాసుకి వెళ్ళి కాగితాలు పంచి, పేరు రాయొద్దని చెప్పి, జట్టు పిల్లలు బయట నిలబడతారు. నేను ఆ చుట్టుపక్కలకే వెళ్ళను. కాగితాలు ఒక అట్టపెట్టెలో వేసి వెళ్ళిపోతారు. జిరాక్సు ఖర్చు తప్ప నష్టం లేదు. ఫారంలో "ఇంటర్నెట్ వల్ల లాభమా నష్టమా" అంటే పరీక్షలో వ్యాసం రాసినట్టు "కత్తికి రెండు వైపులా పదును" అని రాసిన పిల్లలే, కాగితం మీద ఇలా రాశారు: "ఫోను లేకపోతే హాస్టల్లో పిచ్చెక్కుతుంది." "మా ఊళ్ళో అమ్మాయి ఫోను మాట్లాడితే అందరూ చూస్తారు, అందుకే చాటింగే." "చూడకూడదు అనుకుంటూనే చూస్తాను." "మేడం క్లాసులో కూడా చూస్తున్నాం, సారీ." మొత్తం సర్వేలో నాకు పనికొచ్చిన జవాబులు ఇవే. వీటికి పై చార్టు గీయడం ఎలాగని జట్టు లీడర్ దిగులు పెట్టుకున్నాడు.

గంటల లెక్క కూడా మరీ కష్టం. "రోజుకి ఎన్ని గంటలు నెట్ వాడతారు?" అంటే ఎవరికీ తెలీదు. పాటలు వింటూ బస్సులో రావడం వాడకమా కాదా? వాట్సాప్ రోజంతా తెరిచే ఉంటుంది కదా? జనం తమ వాడకం గురించి చెప్పే లెక్కకీ, ఫోను నమోదు చేసిన లెక్కకీ పొంతన అంతంతమాత్రమేనని 2021లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన తేల్చింది. మా పిల్లల దగ్గర నేను చూస్తున్నదీ అదే. అందుకని ప్రశ్న మార్పించాను. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరవండి, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్, నిన్నటి అంకె చూసి రాయండి అని. ఈ రెండూ 2018లో వచ్చినవే, చాలామంది పిల్లలు అప్పటిదాకా ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఎన్నిసార్లు ఫోను అన్‌లాక్ చేశారో కూడా అందులో ఉంటుంది. ఆ అంకె చూసుకుని ఒకమ్మాయి "మేడం, ఇది తప్పు చూపిస్తోంది" అని వాదనకి దిగింది. పక్కనున్న స్నేహితురాలు "తప్పేం కాదు లేవే" అంది.

స్క్రీన్‌షాట్ అప్‌లోడ్ చేయమనే వీలు ఫామ్స్‌లో ఉంది, నేను వద్దంటాను. దానికి మళ్ళీ లాగిన్ కావాలి, ఫైళ్ళన్నీ ఫారం పెట్టినవాళ్ళ డ్రైవ్‌లో చోటు తింటాయి. అంతకన్నా ముఖ్యం, ఆ స్క్రీన్‌షాట్‌లో ఏయే యాప్‌లు వాడుతున్నారో బయటపడుతుంది. లోన్ యాప్ ఉండొచ్చు, ఇంట్లో తెలీని చాటింగ్ యాప్ ఉండొచ్చు. అంకె చాలు. ఆ అంకె కూడా పూర్తిగా నమ్మేది కాదు, రాత్రి తమ్ముడు అదే ఫోనులో కార్టూన్లు చూసుంటే అక్క ఖాతాలో పడుతుంది. "నిన్న ఈ ఫోను ఇంకెవరైనా వాడారా?" అని పక్కన ఒక ప్రశ్న ఉండాలి.

దీనికి బదులు వేరే ఏదైనా ఉందా అని అడిగేవాళ్ళకి: కోబోటూల్‌బాక్స్ చూడండి. మానవతా సాయం చేసే సంస్థల కోసం హార్వర్డ్‌లో పుట్టింది, నెట్ లేకుండా ఫోనులో నింపుకుని తర్వాత పంపొచ్చు, ఒకే ఫారాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెట్టొచ్చు. నింపడం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో రెండు టైములూ దాచగలదు. గూగుల్ ఫామ్స్ ఇచ్చేది చేరిన టైము ఒక్కటే కాబట్టి ముప్ఫై ప్రశ్నలు అర నిమిషంలో టకటకా నొక్కిపడేసినవాడిని పట్టుకోలేం. నాకైతే ఈ ఒక్క తేడా చాలు కోబో వైపు మొగ్గడానికి. నేర్చుకోవడానికి మాత్రం రెండు మూడు రోజులు తల బద్దలు కొట్టుకోవాలి, సబ్మిషన్‌కి వారం ముందు నిద్రలేచే జట్లకి అది కుదరదు.

ఫామ్స్‌లోనే ఉంటామంటే షీట్ దగ్గర రెండు జాగ్రత్తలు. చాలా టిక్కులు పెట్టే ప్రశ్నకి జవాబులన్నీ ఒకే గడిలో కామాలతో వస్తాయి. ఆప్షన్ రాసేటప్పుడు "వాట్సాప్, టెలిగ్రామ్" అని మధ్యలో కామా పెట్టారంటే విడగొట్టేటప్పుడు ఏడవాలి. జవాబులు రావడం మొదలయ్యాక ఆప్షన్ మాటలు దిద్దకండి, పాతదీ కొత్తదీ రెండు వేర్వేరు జవాబులుగా లెక్కకొస్తాయి.

ఇంకొక సేవ గురించి కూడా చెప్పాలి, పేరు చెప్పను. మా ఊళ్ళో ఒక నెట్ సెంటర్ ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసి, బైండింగ్ చేసి ఇస్తుంది. ఆ పని బాగానే చేస్తారు, తెలుగు ఫాంట్ తప్పుల్లేవు. దాంతోపాటు "రెస్పాన్సులు కూడా మేమే వేయించేస్తాం" అంటారట. దీనికి సున్నా. ఇలాంటి షీట్ స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్ళ దగ్గరకి తేవడం కూడా ధైర్యమే. జవాబులన్నీ అర్ధరాత్రి దాటాక నిమిషానికొకటి చొప్పున వచ్చి ఉంటాయి. ప్రతి ప్రశ్నకీ ఐదు ఆప్షన్లూ ఇంచుమించు సమానంగా పంచుకుని ఉంటాయి, ఒక్క ఖాళీ ఉండదు, వయసు అడిగిన చోట 200 అని వేసిన కొంటెవాడు ఒక్కడూ ఉండడు. నిజం పిల్లలు నింపిన షీట్ అంత శుభ్రంగా ఉండదు. ఫోను ఎందుకు వాడతారంటే సగంమంది "టైంపాస్" అనే రాస్తారు, ఒకడు ప్రశ్నకి సంబంధం లేకుండా అభిమాన హీరోకి జై కొడతాడు. అది కనపడితేనే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

ఎవరికి సిఫారసు చేస్తానంటే: క్యాంటీన్ టైమింగులు, టూర్ ఎక్కడికి, సెమినార్‌కి ఎవరెవరు వస్తారు, వీటికి కళ్ళు మూసుకుని గూగుల్ ఫామ్స్ వాడండి. నెట్ అలవాట్ల సర్వేకైతే డిజిటల్ వెల్‌బీయింగ్ అంకెకీ, యాప్‌ల జాబితాకీ వాడి, మిగతాది కాగితం మీద అడగండి. గడువు తేదీ దాటాక జవాబులు తీసుకోవడం ఆపేయడం మర్చిపోకండి. ఆపని పాత ఫారాల్లోకి మా కాలేజీలో ఇప్పటికీ జవాబులు వస్తూనే ఉన్నాయి, జూనియర్లు లింకు దొరికించుకుని నింపుతున్నారు.